తలుపు లేని కొట్టం

పేరమ్మకు కుదురు లేదు. అంతకుముందు ఉండేది. పందొమ్మిదివందల అరవై ఒకటి ఎండాకాలంలో, మైపాడు పక్కనున్న వాళ్ల పల్లె తగలబడ్డాక పోయింది.

అప్పటికే పల్లెలో ఫైరు కొట్టం ఒకటి ఉంది. నెల్లూరు నుంచి ఫైరింజను ఇసకలో దిగబడుతూ వచ్చేసరికి బూడిద తప్ప ఏమీ మిగలదని, మట్టిగోడల గది కట్టి, అందులో బకెట్లు, మండే తాటాకు కప్పును లాగిపడేసే కొక్కేల గడలు పెట్టారు. పెట్టి ఏం చేశారు? తాళం వేశారు! తాళంచెవి పల్లెపెద్ద కామాక్షయ్య మొలతాడుకు కట్టుకున్నాడు. ఆయన పేరమ్మ మొగుడే. మంట మధ్యాహ్నం లేచింది. మధ్యాహ్నం మగవాళ్లెక్కడుంటారు? సముద్రం మీద. తాళంచెవీ అక్కడే. ఆడవాళ్లు ఆ తలుపును గుద్దీ గుద్దీ చేతులు పగలగొట్టుకున్నారు. కామాక్షయ్య తల్లి మంచం దిగలేక గుడిసెలోనే కాలిపోయింది. ఆనక కొట్టమూ కాలిపోయింది.

మరుసటి ఏడు కొత్త కొట్టం మంజూరైంది. ఇక పేరమ్మను పట్టేవాళ్లు లేరు. చేపల గంప దించడమే ఆలస్యం, పుల్ల తీసుకుని ఇసకలో గీతలు గీసేది, చెరిపేది. కొట్టం రేవు దగ్గర కాదు, బావి దగ్గరుండాలి. గడలు ఆడవాళ్లు ఎత్తగలిగేటంత తేలిగ్గా ఉండాలి. నిండు కడవతో బావి నుంచి పల్లె చివరిదాకా పరిగెత్తి, రొప్పుతూ వచ్చి మళ్లీ గీసేది. "పిచ్చి పట్టిందా ఏంది వొదినా?" అని పక్కింటి నాగులమ్మ నవ్వితే, "పట్టింది, నువ్వు జరుగు, గీత తొక్కుతుండావు" అని కసిరేది.

పల్లె మొత్తం కూడిన రోజు మగవాళ్ల మధ్యకు వెళ్లి నిలబడింది.

"మూడు పక్కల గోడలు చాలు. తలుపొద్దు."

అందరూ గొల్లున నవ్వారు. "తలుపు లేకుంటే బకెట్లన్నీ రొయ్యలకి ఎత్తుకుపోతారు గదమ్మా!" అన్నాడు ముత్యాలయ్య అనే ముసలాయన.

"పోతే ఇల్లిల్లూ తిరిగి నేను తెస్తా. తాళంచెవి సముద్రంలోకి పోతే ఎవురు తెస్తారన్నా?"

కామాక్షయ్య తలెత్తలేదు. కాలిపోయిన కొట్టం తాళంచెవి ఇంకా ఆయన మొలతాడుకే ఉందని పేరమ్మకు తెలుసు. ఇంకా ఎందుకది అని అందరి ముందూ అడిగేయాలన్నంత కోపం వచ్చింది, కానీ ఆ మనిషిని చూస్తే నోరు రాలేదు. ఆయనే లేచాడు. తాళంచెవి విప్పి ఇసకలో పెట్టాడు.

"ఆమె చెప్పినట్టే కట్టండిరా" అన్నాడు.

కట్టారు. ముత్యాలయ్య అన్నట్టే బకెట్లు రోజూ మాయమయ్యేవి. పేరమ్మ రోజూ తిట్టుకుంటూ తిరిగి తెచ్చేది.

రెండేళ్లకు మళ్లీ ఒక మధ్యాహ్నం పల్లె మీద పొగ లేచింది. పడవలో ఉన్న కామాక్షయ్య చెయ్యి మొలతాడు మీదికి పోయింది. అక్కడేమీ లేదు. ఒడ్డుకొచ్చి పరిగెత్తి చూస్తే, కాలింది ఒక్క గుడిసె కప్పు. ఆడవాళ్లు మసి మొహాలతో తడిసి నిలబడి ఉన్నారు. ఆయన కొట్టం ముందు కూలబడి "అమ్మా" అని ఏడ్చాడు. తల్లి పోయాక ఆయన ఏడవడం అదే మొదటిసారి.

పేరమ్మ పక్కన కూర్చుంది. కూర్చుందే గానీ, కళ్లు కొట్టంలోకే పోతున్నాయి.

"ఏడువు మావా, ఏడువు" అంది వీపు నిమురుతూ. అంతలోనే లేచి పల్లెంతా వినబడేటట్టు అరిచింది.

"ఒక బకెట్టు తక్కువుందే! ఎవురింట్లో ఉండాదది?"