ఉదయం టాబ్లెట్, సాయంత్రం తిండి

ఆ రోజు మా చెరుకు తోటలో ఉన్నవాళ్లు, ఉన్నవి: మా అన్న రాజేందర్. వదిన సుజాత. కోతకు మహారాష్ట్ర వైపు నుంచి వచ్చిన కిషన్, అతని భార్య. పక్క చేనులో నీళ్లు పెడుతున్న సాయిలు కాక. సగం నిండిన ట్రాక్టర్ ట్రాలీ. చెరుకు నరికే కత్తులు నాలుగు. వాటిని కిషన్ వాళ్లు కొయితా అంటారు, మేమూ అలాగే అనడం నేర్చుకున్నాం. అందులో ఒకటి నా చేతిలో ఉంది. గట్టు మీద వదిన తెచ్చిన జొన్నరొట్టెల సద్ది ఉంది. నా వాటా గిన్నె మూత తీయలేదు. నా కడుపులో ముందు రోజు సాయంత్రం తిన్న తిండి తప్ప ఏమీ లేదు. దాని మీద ఉదయం ఏడింటికి వేసుకున్న షుగర్ టాబ్లెట్ ఉంది.

పదకొండు దాటాక ఒక్కో చెరుకు గడ రెండుగా కనిపించింది. చలికాలం, అయినా చొక్కా పిండితే నీళ్లు కారేలా చెమట. పెదవులు తిమ్మిరెక్కాయి. వదిన నా మొహం చూసి దగ్గరికి వచ్చింది.

"నవీన్, జెర రొట్టె తినరాదు? మొఖం సున్నం కొట్టినట్టు తెల్లగైంది."

"పొద్దుమీకి దాక తిన వదినా. చెప్పిన కదా."

"నీ ఉపాసం పాడుగాను. కొయితా పట్టుకొని ఉపాసమేందయ్యా?"

నాకు గుర్తున్న చివరి మాట అదే. తర్వాత జరిగింది నలుగురు చెబితే తెలిసింది. అది చెప్పే ముందు, అక్కడిదాకా ఎలా వచ్చానో చెప్పాలి.

నేను మెకానికల్ చదివాను. నిజామాబాద్‌లో సోలార్ పంపులు బిగించే ఒక సంస్థలో సర్వీస్ ఇంజనీరుని. టౌనులో అద్దె గది. బాపు పోయాక బోధన్ దగ్గర మా ఊళ్లో సేద్యం అంతా అన్నదే. నాకు ఇరవై ఏడేళ్లప్పుడు తొంభై ఆరు కిలోలు ఉండేవాణ్ణి. ఉద్యోగం కోసం చేసిన పరీక్షల్లో షుగర్ బయటపడింది. డాక్టరు మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిపిన టాబ్లెట్ రాశారు. "పొద్దున బ్రేక్‌ఫాస్ట్‌కు ముందు ఒకటి. బరువు తగ్గు" అన్నారు. ఎలా తగ్గాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఫోనులో వీడియోలు ఉన్నాయి కదా అనుకున్నాను.

మొదట 16:8. పన్నెండింటికి మొదటి ముద్ద, రాత్రి ఎనిమిదికి చివరి ముద్ద. రెండు నెలల్లో బెల్టుకు కొత్త రంధ్రం పొడిచాను. నిద్ర బాగా పట్టింది. అది నాకు పనిచేసిందని ఇప్పటికీ చెప్తాను. అక్కడ ఆగితే ఈ వ్యాసం ఉండేది కాదేమో. బరువు ఒకచోట నిలబడిపోయింది. 18:6కు మారాను. తర్వాత వారంలో ఐదు రోజులు మామూలుగా తిని రెండు రోజులు సగం కంటే తక్కువ తినే 5:2 చూశాను. ఆ రెండు రోజులూ ఎవరు నవ్వినా కొట్టాలనిపించేది. వదిలేసి 20:4 పట్టుకున్నాను. చివరికి రోజుకు ఒక్క పూట. సాయంత్రం ఐదింటికి కూర్చుని ఆరింటికి లేచేవాణ్ణి.

తిండి వేళ ఇన్నిసార్లు మారింది. టాబ్లెట్ వేళ మాత్రం ఒక్కసారీ మారలేదు. చీటీలో పొద్దున అని ఉంది కాబట్టి పొద్దున్నే వేసుకున్నాను. బ్రేక్‌ఫాస్ట్‌కు ముందు అని ఉన్న మాటలో బ్రేక్‌ఫాస్ట్ లేకుండా పోయిందని నాకు తట్టలేదు.

మొదటి హెచ్చరిక ఎడపల్లి దగ్గర ఒక పొలంలో వచ్చింది. నాతో పనిచేసే ఇర్ఫాన్ భాయ్ ఒక వైరు తప్పు బిగించాడు. అంతే. చేతిలో ఉన్న పానా అతని తల మీదికి విసిరాను. చెవి పక్క నుంచి పోయి కంట్రోలర్ పెట్టెకు తగిలి, రేకు లోపలికి నొక్కుకుపోయింది. మీద పడి అతని కాలరు పట్టుకున్నాను. భాయ్ నాకంటే బలవంతుడు. నన్ను వెనక్కి తోసి పంపు గది గోడకు అదిమి పట్టాడు.

"క్యా హువా రే? ఆకలైతే అన్నం తినాలె. మనిషిని తింటవా?"

పొలం యజమాని ఇచ్చిన చాయ్ బలవంతంగా తాగించాడు. అందులో చక్కెర బాగా ఉంది. పది నిమిషాల్లో నా చేతుల వణుకు ఆగింది, ఏడుపు వచ్చింది. ఆకలి కోపం అనుకున్నాను. ఇంకోరోజు గదిలో తలుపు గడియ రాలేదని తలుపునే గుద్ది, పిడికిలి మీద తోలు ఊడగొట్టుకున్నాను. దాన్నీ ఆకలి కోపమే అనుకున్నాను. మీటరు పెట్టి చూడకుండా పంపు మీద చెయ్యి వేయని నేను, ఇంట్లో ఉన్న గ్లూకోమీటరును ఆ రెండు రోజులూ తీయలేదు.

చెరుకు కోతకు కూలీలు దొరక్క అన్న అవస్థ పడుతుంటే సెలవు పెట్టి వెళ్లాను. కోత అంటే ఎండలో వంగి వంగి నరకడం. ఖాళీ కడుపు మీద అలాంటి పని నేను అంతకుముందు చేయలేదు.

ఇక ఆ రోజు. వదిన మాట తర్వాత నేను గట్టిగా అరిచానట. ఏం అరిచానో ఎవరికీ అర్థం కాలేదు. కట్ట మోసుకుపోతున్న కిషన్‌ను వెనక నుంచి తన్నాను. అతను కట్టతో సహా బోర్లా పడ్డాడు. అతని భార్య అడ్డం వస్తే ఆమెను నెట్టాను. అన్న ట్రాలీ మీది నుంచి దూకి వచ్చాడు.

"నవీనూ, కొయితా కింద పెట్టు. కింద పెట్టురా."

నేను కొయితా ఎత్తాను. నా కళ్లు అన్నను చూస్తున్నట్టు లేవని, గాజు గోలీల్లా ఉన్నాయని వదిన చెప్పింది. మొదటి వేటు అన్న తప్పించుకున్నాడు, అది ట్రాలీ టైరులో దిగింది. రెండో వేటు పడేలోపు అన్న కుడిచేత్తో కత్తినే పట్టుకున్నాడు. పిడిని కాదు, పదునును. నేను గుంజాను. అన్న వదల్లేదు. ఇంకోసారి గుంజాను.

చెరుకు ఆకుల మీద రక్తం పడిన చప్పుడు వినిపించిందని సాయిలు కాక ఇప్పటికీ అంటాడు.

కిషన్ లేచి "ధర్! ధర్ త్యాలా!" అని, వాణ్ణి పట్టుకోండని మరాఠీలో అరుస్తూ నా నడుము పట్టుకుని కింద పడేశాడు. సాయిలు కాక నా ఛాతీ మీద కూర్చున్నాడు. నేను కాక మోచేతిని కొరికాను. ఆ మచ్చ ఇంకా ఉంది. ట్రాక్టర్ తాడు తెచ్చి చేతులు వెనక్కి విరిచి కట్టారు, కాళ్లు కట్టారు.

ఇక్కడ మా వైపు సంగతి ఒకటి చెప్పాలి. మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటు పడినవాళ్లకు అది దొరకని రోజు చేతులు వణుకుతాయి, చెమటలు కారతాయి, ఎదుటివాళ్ల మీద పడి కొడతారు. అలాంటివాళ్లను కట్టేసి, ఎక్కడి నుంచైనా ఒక సీసా తెచ్చి గొంతులో పోయడం మా దగ్గర చాలామంది చూసిందే. నన్ను చూసిన సాయిలు కాకకు అదే తోచింది.

"గిది కల్లు రందే. పట్నంల ఉండి అలవాటు చేసుకున్నడు, ఇయ్యాల దొరకలే. ఒక సీస పోస్తె సల్లవడ్తడు."

ఎవరో బండి మీద వెళ్లి సీసా తెచ్చారు. దవడలు బిగుసుకుని ఉంటే చెంచా దూర్చి తెరిచారు. ముందు పన్ను ఒకటి సగానికి విరిగింది. కల్లు పోశారు. సగం ముక్కు నుంచి వచ్చింది. కాసేపటికి ఫిట్స్ వచ్చాయి. తాళ్లలోనే కొట్టుకున్నాను. వదిన ఒక చేత్తో అన్న చేతికి తన కొంగు బిగించి పట్టుకుని, ఇంకో చేత్తో అంబులెన్సుకు ఫోను చేసింది.

అంబులెన్సులో వచ్చిన కుర్రాడు ముందు నా వేలికి సూది గుచ్చాడు.

"షుగర్ ముప్పై ఒకటి ఉంది, డెబ్బైకి తగ్గొద్దు. ఎవరు కట్టిండ్రు? ఇప్పుండ్రి తాడు!"

"ఇప్పితె సంపుతడు సారూ" అన్నాడు కాక.

"ఇప్పకుంటె సస్తడు."

చేతికి ఐవీ పెట్టి డెక్స్‌ట్రోజ్ ఎక్కించారు. నేను కళ్లు తెరిచేసరికి బండి కదులుతోంది. ఎదురుగా అన్న ఉన్నాడు. అతని చేతికి చుట్టిన గుడ్డ ఏ రంగుదో తెలియడం లేదు. నాకు ఏమీ గుర్తు లేదు. అన్న నన్ను ఒకటే అడిగాడు.

"ఎప్పటిసంది తాగుతున్నవురా?"

"నేను తాగనన్నా."

మొహం తిప్పుకున్నాడు. నా నోట్లో కల్లు వాసన వస్తోంది, నేను తాగనంటున్నాను.

నిజామాబాద్ ఆసుపత్రిలో ఇద్దరినీ చేర్చుకున్నారు. అన్నకు చూపుడు వేలు, మధ్య వేలు వంచే టెండన్లు తెగాయి. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేసి కుట్టారు. "కుట్టడం మా పని. వంగడం, వంగకపోవడం మూడు నెలల తర్వాత తెలుస్తుంది" అన్నారు సర్జన్. స్టీరింగ్ పట్టాలన్నా, పార పట్టాలన్నా, అన్నం కలుపుకోవాలన్నా ఆ చెయ్యే. వదిన నా మంచం దగ్గరికి వచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు.

"నీకు సన్నవడుడు కావాల్నని నా మొగని చెయ్యి తీసినవ్. ఉపాసం ఉంటె ఎవరన్న కత్తి ఎత్తుతరా? తాగి కొట్టిన్నని ఒప్పుకో. నేను గంతనన్న నమ్ముత."

ఒప్పుకుందామా అని ఒక క్షణం అనిపించింది.

నన్ను చూసిన డాక్టరమ్మ టాబ్లెట్ పేరు, తిన్న వేళ అడిగి పెన్ను కింద పెట్టేశారు.

"గ్లిమిపిరైడ్ వేసుకుని పదిహేడు గంటలు తినకుండా చెరుకు నరికారా? ఎవరు చెప్పారు?"

"వీడియోలు చూసి, నేనే..."

"రంజాన్ వస్తుందంటే నా పేషెంట్లు నెల ముందే వచ్చి డోసు, టైమింగు మార్పించుకుంటారు. మీరు ఏడాదంతా రోజాలు పెట్టుకుని ఒక్కసారి రాలేదు. ఈ మందు తిండి ఉందా లేదా అని చూడదు. షుగర్‌ను దించుకుంటూ పోతుంది. మెదడుకు షుగర్ అందకపోతే మనిషి తనలో తాను ఉండడు. ఇంకోటి, స్పృహ లేనివాడి నోట్లో ఏదీ పోయకూడదు. మీ ఊపిరితిత్తుల్లోకి కొంత పోయింది."

దానికి జ్వరం, దగ్గు, యాంటీబయాటిక్స్. అవి వేరే కథ.

డాక్టరమ్మ మాట అన్నకు నేను చెప్పాను. "డాక్టర్లకు నువ్వేం చెప్పినవో" అన్నాడు. అయినా కుట్లతో, వేళ్లు కదలకుండా కట్టిన స్ప్లింటుతో పక్క వార్డు నుంచి నడిచి వచ్చి నా మంచం చివర కూర్చునేవాడు.

మరునాడు మధ్యాహ్నం అన్న అలా కూర్చుని ఉండగానే షుగర్ మళ్లీ పడింది. ఆ మందు ఒంట్లో ఎక్కువసేపు ఉంటుందట, ఒకసారి పైకి తెచ్చినా మళ్లీ కిందికి లాగుతుందట. నేను ఐవీ గొట్టం పీకేశాను. స్టాండును నర్సు మీదికి తోశాను. వార్డు బాయ్‌ను కడుపులో తన్నాను. అన్న ఎడమ చేత్తో నా మెడ మంచానికి అదిమి పట్టాడు. నేను అతని స్ప్లింటు మీద గుద్దాను. కొత్త కుట్ల మీద. అన్న అరిచాడట, పట్టు వదల్లేదట. నర్సు వేలికి సూది గుచ్చి "ఫార్టీ" అంది. ఇంకో చేతికి కొత్త సూది పెట్టి పెద్ద సిరంజితో డెక్స్‌ట్రోజ్ నెట్టింది. ఎవరూ కట్టలేదు. ఎవరూ ఏమీ పోయలేదు.

సిరంజి ఖాళీ అవుతుండగా నా ఒళ్లు వదులైంది. మళ్లీ నాకు గుర్తున్నది ఇక్కడి నుంచి. అన్న మొహం నా మొహం మీద ఉంది, చెమటతో. అతని కట్టులోంచి ఎర్రగా ఊరుతోంది.

"అన్నా, నీ చెయ్యికేమైంది? మళ్ల రక్తమొస్తుంది."

అన్న నర్సు వైపు తిరిగాడు.

"గా సూది మందుల ఏముంటదమ్మా?"

"చక్కెర నీళ్లే అన్నా."

అన్న నా మెడ మీది నుంచి చెయ్యి తీశాడు. "నువ్వే గుద్దినవ్ రా" అన్నాడు. "నువ్వే గాని, నువ్వు కాదు." బయటికి వెళ్లి వదినకు ఫోను చేశాడు. ఏం చెప్పాడో నేను వినలేదు. సాయంత్రం వదిన ఇద్దరికీ కలిపి ఒకే డబ్బాలో అన్నం తెచ్చింది. నాకు పెట్టేటప్పుడు మాత్రం మాట్లాడలేదు.

అన్న కుట్లలో రెండు ఊడాయి. మళ్లీ వేశారు. లోపల టెండను పట్టు కోల్పోలేదని సర్జన్ చెప్పారు.

ఇప్పుడు. డాక్టరమ్మ గ్లిమిపిరైడ్ ఆపేశారు. వేరే మందు, తక్కువ డోసు. రాత్రి ఏడింటికి తినడం ముగిస్తాను, ఉదయం ఏడింటికి టిఫిను తింటాను. నాకు మిగిలిన ఉపవాసం అంతే, అది కూడా ఆమెను అడిగాకే. బరువు మెల్లగా తగ్గుతోంది. జేబులో గ్లూకోజ్ పొడి ఉంటుంది. సాయిలు కాక ఎదురైతే "కొరుకుతవా ఏందిరా?" అని మోచెయ్యి దాచుకుంటాడు. వదిన ఇప్పుడు మాట్లాడుతుంది, కానీ నేను ఉన్న గదిలో కూరగాయల కత్తి బయట ఉంచదు. ఆమెను నేను తప్పు పట్టను.

ఉపవాసం మంచిదా కాదా అని నన్ను అడగకండి. నేను చెప్పగలిగింది ఒక్కటే: మీరు షుగర్ మందు వాడుతుంటే, తిండి వేళ మార్చే ముందు ఆ మందు రాసిన డాక్టరుకు చెప్పండి. మీ ఇంట్లోవాళ్లకూ చెప్పి ఉంచండి, షుగర్ ఉన్న మనిషి ఉన్నట్టుండి మీద పడితే తాడు కంటే ముందు మీటరు తీయాలని.

శని, ఆదివారాలు ఊరికి వెళ్లి అన్న చేతికి ఫిజియోథెరపీ నేనే చేయిస్తాను. వేడి నీళ్లలో పెట్టి, ఒక్కో వేలు పట్టుకుని లోపలికి వంచుతాను. నొప్పికి అన్న తిడతాడు. "పంపు బోల్టు అనుకున్నవా, మెల్లగ తిప్పు" అంటాడు. వేలు మధ్య కీలు నిండుగా వంగితే నూరు డిగ్రీల దగ్గర ఉంటుందని ఫిజియో మేడం చెప్పారు. కోణం కొలిచే ప్లాస్టిక్ కొలబద్ద ఇచ్చారు. నిన్న కొలిచాను.

మధ్య వేలు డెబ్బై ఎనిమిది. చూపుడు వేలు అరవై రెండు.