నీటి అడుగున తెలుపు

పెళ్లి వీడియోలను కంప్యూటర్‌లో కలపడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాను. నాందేడ్‌లోని మా గదికి ఒకరోజు పెళ్లి కాని టేపు వచ్చింది. గోదావరి మీది పాత వంతెన స్తంభాన్ని నీటి అడుగున తీసిన టేపు. తీసింది మా బావమరిది. మా పెళ్లిళ్లకు కెమెరా పట్టేది అతనే, ఈత బాగా వచ్చు.

స్తంభం అడుగున పగులుంది. లోపలి ఇనుము తుప్పు పట్టి బయటపడిందా, అది వట్టి నాచేనా అన్నది వంతెన చూసే ఇంజనీరుకు ఆ సాయంత్రమే తేలాలి. తేలకపోతే మర్నాడు బావమరిది మళ్లీ దిగాలి. పై డ్యాం నుంచి నీళ్లు వదులుతున్నారని అప్పటికే కబురు వచ్చింది.

ఇంజనీరునూ బావమరిదినీ పక్కన కూర్చోబెట్టుకుని టేపు వేశాను.

"ఏందిది, అంత పాలకూర లెక్కున్నది," అన్నాడు ఇంజనీరు. తెలుగు సరిహద్దున ఉన్న దెగ్లూరు మనిషి, మాతో తెలుగే మాట్లాడేవాడు.

"పెండ్లిల్ల చేసినట్టే చేసిన సాబ్. పంచె చూపిచ్చి తెలుపు పట్టిచ్చినంకనే డబ్బల పెట్టిన," అన్నాడు బావమరిది.

"గంగల ఎవల పెండ్లిరా?" అన్నాడు ఇంజనీరు. అక్కడివాళ్లకు గోదావరే గంగ.

బావమరిది గట్టు మీది ఎండలో తెల్ల పంచె చూపించి, తెలుపంటే ఇదేనని కెమెరాకు చెప్పి, నీళ్లు చొరని డబ్బాలో బిగించాడు. కానీ నీళ్లు ఎరుపును మింగేస్తాయి. అడుగున తెలుపే వేరు.

ఎరుపు కొంచెం పెంచాను. పగులు పక్కన తుప్పు కనబడింది. ఇంకాస్త పెంచితే స్తంభమంతా తుప్పే. తగ్గిస్తే అంతా నాచు. నేను ఎంత ఇస్తే అంత.

"తేలకుంటే పొద్దుగాల దిగుతడు," అన్నాడు ఇంజనీరు నా వైపు చూడకుండా.

"దిగుత," అన్నాడు బావమరిది. నీటి ఒత్తిడికి నొప్పెట్టిన అతని ఎడమ చెవిలో దూది ఉంది. "చెవ్వు పోతే మీ తిట్లు ఇనబడయి, మంచిదే."

టేపును మొదటికి తిప్పాను.

"ఆ పూజ ఎందుకు, ముందుకు పోనియ్," అన్నాడు ఇంజనీరు.

నదిలో దిగేవాళ్లు ముందు గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి చిప్ప నీళ్లలో వదులుతారు. అది పైకి తేలివస్తే అమ్మ ఒప్పుకోలేదని అర్థం. అందుకే బావమరిది చిప్పను అడుగుదాకా తీసుకెళ్లి పగులులోనే ఇరికించాడు. తెర మీద అది పచ్చిమామిడి ముక్కలా ఉంది.

"సాబ్, ఒక్క నిమిషం," అన్నాను.

ఇదే తెలుపు అని ఆ కొబ్బరి మీద గుర్తు పెట్టాను. ఆకుపచ్చ విడిపోయింది. కొబ్బరి తెల్లబడింది, సిమెంటు బూడిదరంగుకు వచ్చింది. చిప్ప పక్కనే వేలి మందాన ఎర్రటి గీత పగులు పొడుగునా దిగివుంది. ఈసారి ఎరుపును నేను ముట్టుకోలేదు.

ఇంజనీరు తెర దగ్గరికి వంగి ఆ గీత వెంట వేలు నడిపాడు.

"ఇనుమే," అన్నాడు. "బస్సులు ఆపియ్యాలె. ఫోన్ యాడున్నది?"

"మరి రేపు?" అని అడిగాను.

"ఇంక దిగి ఏం జూస్తడు?"

మర్నాడు నీళ్లు వచ్చాయి. స్తంభం సగానికి పైగా మునిగింది. బావమరిది గట్టు మీద నా పక్కనే, పొడిబట్టలతో నిలబడి చూశాడు.