గొంతుతో నడిచిన కరెంటు

ఆ రోజుల్లో మా గూడెంలో దీపం వేసుకోవడం ఎంత గొప్పో, ఆర్పుకోవడం అంతకంటే కష్టం. ఆర్పాలంటే నన్ను అడగాలె. ఇప్పటి పిల్లలకు చెప్తే నవ్వుతరు, నవ్వనీ. టేకులపల్లి దాటి అడవిలోకి పోతే మాది ముప్పై ఇండ్ల గూడెం. పెద్ద కరెంటు తీగలు మా దాకా రాలేదు. ఒక ఇంజినీరు సారు వచ్చి, వాగు నీళ్ళను పైపులో కిందికి దింపి, ఆ దెబ్బకు తిరిగే చక్రం పెట్టిండు. ఇంటికొక బల్బు. ఎండాకాలం వాగు ఎండకుండా గుట్ట వాలుకు అడ్డంగా రాళ్ళ కట్టలు మేమే వేసినం. ఆ గుట్ట మీద చెట్టు నరికినోడు వారం రోజులు కట్టలకు రాళ్ళు మొయ్యాలని కట్టుబాటు. (మొట్టమొదట మోసింది మా నాయినే. ఆ కట్టుబాటు పెట్టిందీ ఆయనే.)

ఆ చక్రంతో ఒక చిక్కుంది. అది పుట్టించిన కరెంటంతా అప్పటికప్పుడు ఖర్చు కావాలె. కొన్ని బల్బులు ఆరితే, వాటి కరెంటు మిగతావాటి మీద పడి అవి పేలిపోతయి. అందుకే మిగిలిన కరెంటు తాగడానికి సారు ఒక నీళ్ళ తొట్టిలో హీటరు పెట్టి, ఎందుకో వివరంగా చెప్పిపోయిండు. మా వాళ్ళకు వివరం ఎక్కలేదు, వేన్నీళ్ళు కనబడ్డయి. బిందెలు పట్టుకొని బారులు తీరిన్రు. బాలింతలకు, మోకాళ్ళ నొప్పులకు, ఆఖరికి ఒకాయన ఎడ్లకు కూడా వేన్నీళ్ళ స్నానం. వారంలో తొట్టి ఖాళీ, హీటరు మాడి మసి. "కొత్తది వచ్చేదాకా అందరూ ఒకేసారి వెయ్యాలె, ఒకేసారి ఆర్పాలె" అన్నడు సారు. ముప్పై ఇండ్లకు ఒకేసారి చెప్పేదెట్ల? గూడెమంతా నా దిక్కు చూసింది. నాకప్పుడు అక్షరం ముక్క రాదు గానీ, నా గొంతు గుట్ట అవతలి గొడ్లను కూడా వెనక్కి తిప్పేది. నీళ్ళు వదిలినప్పుడు మీటరు సూది ఎక్కడ ఆగాలో ఎర్రగీత గీసి, సారు నాకు ఆపరేటరు నౌకరీ ఇచ్చిండు. పొద్దు గూకంగనే "ఎయ్యుండ్రి!" అని ఒక కేక, పడుకునే యాళ్ళకు "ఆర్పుండ్రి!" అని ఇంకో కేక. (ముందే నిద్రొచ్చినోళ్ళు బల్బుకు గంప తొడిగి పడుకునేటోళ్ళు.)

ఆ గొంతే నా కొంప ముంచింది. "పిల్ల నోరు పెద్దది" అని రెండు సంబంధాలు వెనక్కి పోయినయి. మూడోది బొగ్గుబాయి కార్మికుడి కొడుకు. వాళ్ళు వచ్చే సాయంత్రం మా అమ్మ నా గడ్డం పట్టుకుంది.

"బిడ్డా, ఇయ్యాల ఒక్కపూట నీకు నోరు లేదనుకో. ఇది కూడా పోతే నేను తల ఎత్తుకోలేను."

"మరి దీపాలు?"

"మీ నాయిన చూసుకుంటడు తియ్."

నాయిన కేకకు మా ఇంటి కోడి కూడా కదల్లేదు. పాపం, ఇల్లిల్లూ తిరిగి స్విచ్చులు వేయించి, ఆ తర్వాత నీళ్ళు వదిలి వచ్చిండు. మీటరు మీది ఎర్రగీత సంగతి తెల్వక కొంచెం ఎక్కువే వదిలిండు.

నేను తల వంచుకొని చాప మీద కూసున్న. పిల్లోడు నాకు నచ్చిండు, దాచేదేముంది. వాళ్ళ నాయినకు బాయిలో పేలుళ్ళ చప్పుడుకు చెవులు పోయినయట. మధిర పక్క నుంచి వచ్చిన వాళ్ళమ్మ ప్రతి మాటా ఆయన చెవిలో అరిచి అరిచి బొంగురుపోయి ఉంది.

"పేరేంటమ్మాయ్?" అంది. ఎంత మెల్లగా చెప్పిన్నంటే నాకే వినపడలేదు. "ఏమంటది పిల్ల?" అన్నడాయన. ఆమె అరిచింది. "ఆఁ?" అన్నడు. ఆమె మళ్ళీ అరిచి, దగ్గి, నీళ్ళు తాగింది. తాగి లేచి, "ఇంకా వెలుతురుండగానే లైటెందుకండీ, దండగ" అంటూ మర్యాదగా స్విచ్చు ఆర్పింది.

అమ్మ నా మోకాలు గట్టిగా నొక్కింది. పక్కింట్లో టప్! దాని అవతల టప్, టప్! వాగు దిక్కున చక్రం కూత పెట్టింది. ఒక్కొక్క బల్బు పేలినప్పుడల్లా కేక నా గొంతు దాకా వచ్చింది. మూడు మింగిన. నాలుగోది మింగలేకపోయిన.

"ఓ ముసలీ! దీపం ఎయ్యి, లేకుంటే చెయ్యి ఇరగ్గొడ్త! నాయినా, ఉరుకు, నీళ్ళు బంద్ చెయ్యే!"

చాయ్ గిలాస కింద పడ్డది. అమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుంది. నాయిన ఉరికిండు.

చెవుల్లేని పెద్దమనిషి మెల్లగా తల ఎత్తిండు. ఆయన కండ్లల్ల నీళ్ళు. "ఇనపడ్డది," అన్నడు. "పిల్ల మాట మంచిగ ఇనపడ్డది. ఎవరి చెయ్యి ఇరగ్గొడ్తనన్నదో అది కూడా ఇనపడ్డది! ఎన్నేండ్లయిందో గిట్ల ఇనక."

ఆయన భార్య నన్ను కిందికీ మీదికీ చూసింది. నెత్తి మీది మోపు దించడానికి చోటు దొరికినట్లుంది ఆ చూపు. "ముహూర్తం పెట్టించండి," అంది బొంగురు గొంతుతో. "ఇహ నావల్ల కాదు. ఈ పిల్లే అరుస్తుంది." (పిల్లోణ్ణి ఎవరూ అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.)

పెళ్ళయి బొగ్గుబాయి క్వార్టర్లకు పోతూ, నేను లేకపోతే గూడెం చీకట్ల మునుగుతదని దారిపొడుగునా ఏడ్చిన. నెలకు నాయిన చూడవచ్చిండు. "దీపాల కాడ ఎవరు అరుస్తున్నరు?" అని అడిగిన. నాయిన నేల చూపులు చూసిండు. "ఎవరూ లేరు బిడ్డా. గూడెం కమిటీ ఒక విజిల్ కొన్నది. ఒకటి ఊదితే ఎయ్యాలె, రెండు ఊదితే ఆర్పాలె. మంచిగనే నడుస్తున్నది."

ఆ రోజు నేను అన్నం ముట్టలేదు. ముసలితనంలో అక్షరాలు నేర్చుకొని ఇది రాస్తుంటే, విజిల్ మీద అలిగిన ఆ పిల్లను తలుచుకొని నవ్వొస్తది, జాలి కూడా. ఎదురుగా కూసోబెట్టుకొని చెప్పాలనిపిస్తది: దీపాలైతే విజిల్ మాట విన్నయే పిచ్చిదానా, కానీ దాని కూతకు ఏ మామ కండ్లల్ల నీళ్ళు తిరగలేదు గద.