అత్త పాలలో చక్కెర

తొంభైల చివర మారతహళ్ళిలో ఇంకా పశువులుండేవి. బీఎస్సీ చదువుకోసం మా మేనత్త ఇంట్లో ఉన్న రోజుల్లో ఆమె పెరట్లో ఒక ఆవు ఉండేది. నా కొంప ముంచింది ఆ ఆవు పాలే.

కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో పాలలో చక్కెర ఎంతుందో కొలవాలి. ప్యాకెట్ పాలు వద్దు, పితికిన పాలే తెమ్మంది మేడమ్. రోజూ పొద్దున్నే స్టీలు డబ్బాతో బస్సెక్కేవాణ్ణి. ల్యాబులో ఆ పాలను ఆమ్లంతో మరిగించి విరగ్గొట్టి, వడగట్టి, వచ్చిన నీటిని బ్యూరెట్ అనే కొలతల గాజు గొట్టంలో పోసి, కింద మరుగుతున్న నీలిరంగు ద్రావణంలోకి చుక్కచుక్కగా వదలాలి. నీలం పోయి ఇటుకరంగు తేలేసరికి ఎంత పడిందో చూసి లెక్క కట్టాలి.

వంద మిల్లీలీటర్లకు ఐదు గ్రాములకు అటూ ఇటూ రావాలి. నాకు మొదటి రోజు ఆరున్నర, రెండో రోజు ఏడు, మూడో రోజు ఆరు. "మీ ఆవు పాలిస్తుందా, పాయసమిస్తుందా?" అని మేడమ్ కన్నడంలో అడిగితే అందరూ నవ్వారు. శనివారంలోగా సరైన అంకె రాకపోతే రికార్డు మీద సంతకం పెట్టనంది. సంతకం లేకపోతే పరీక్షకు రానివ్వరు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ముందు బ్యూరెట్‌ని తిట్టాను. కడిగి కడిగి వేళ్ళు నానిపోయాయి. అంకె మాత్రం దారికి రాలేదు.

ఇంటికొచ్చి రోజూ అత్తనే నిలదీసేవాణ్ణి, పాలలో నీళ్ళు కలిపావా అని. నీళ్ళు కలిపితే చక్కెర తగ్గాలి గానీ పెరగదని తెలిసీ అడిగాను. పాలలో ఇంకేం కలుపుతారు?

"నా చేత్తో పాలల్లో నీళ్ళు పోసిన దినము లేదప్పా" అనేది ముఖం ముడుచుకుని.

శుక్రవారం తొందరగా లేచి పెరట్లోకి వెళ్ళాను. అత్త డబ్బాలో పాలు పోసి, ఉసిరికాయంత బెల్లం ముక్క అందులో వేసి మూత పెడుతోంది. మూడు రోజుల చాకిరీ, అవమానం అంతా ఆమె మీద కక్కేశాను.

"ఉత్త పాలు గడప దాటకూడదు. పొదుగుకు దిష్టి తగుల్తాది" అంది నెమ్మదిగా. "నీళ్ళు కలిపినావా అని దినామూ అడిగితివి. బెల్లం వేసినావా అని ఎప్పుడడిగితివప్పా?"

నాకు ఇంకా ఒళ్ళు మండి, బెల్లం లేని పాలే కావాలన్నాను. ఆమె డబ్బా కడిగి మళ్ళీ పాలు పోసింది. కాసేపు తటపటాయించి, ఇంకో బెల్లం ముక్క తెచ్చి ఆవు నోటికి పెట్టింది. అప్పుడు గానీ డబ్బా నా చేతికివ్వలేదు.

ఆ రోజు నాలుగు పాయింట్ ఎనిమిది వచ్చింది. మళ్ళీ చేస్తే మళ్ళీ అదే. మేడమ్ సంతకం పెట్టింది. బెల్లం సంగతి చెబితే ఇంకోసారి నవ్వుతారని దాచేశాను.

సాయంత్రం అత్త గుమ్మంలోనే నిలబడి ఉంది. సంతకం అయిందా అని అడగలేదు.

"నా పాలల్లో నీళ్ళు లేవని రాసినారా?"

రికార్డంతా వెతికినా అలాంటి గడి ఉండదు.

"రాసినారత్తా" అన్నాను.