ఆర్వెల్లమ్మ మీట పిస్తోళ్లు

కెంటకీ కొండల్లో మా ఊరికంతటికీ ఉన్నది ఒకటే తుపాకుల కొట్టు. దాన్ని నడిపేది ఆర్వెల్లా స్టాంపర్. గనిలో పనిచేసిన భర్త దగ్గుతో మంచం పట్టాక కౌంటర్ వెనక కూర్చుంది. ఆయన పోయాకా లేవలేదు. పొట్టి మనిషి, బుగ్గన ఎప్పుడూ పిప్పరమింటు. ఎవరికీ నీతులు చెప్పేది కాదు గానీ, మగవాళ్ల గొప్పలు వింటున్నప్పుడు ఆవిడ కళ్లు మాత్రం నవ్వేవి.

ఆ ఏడు ఒకే పిస్తోలు రెండు రకాలుగా వచ్చింది. ఒకదానికి పక్కన చిన్న సేఫ్టీ మీట. బొటనవేలితో కిందికి దించితే గానీ పేలదు. రెండోదానికి అది లేదు. మీట లేనివి పంపమంటే టోకు వ్యాపారి పొరపాటున పెట్టెడు మీటవి పంపాడు. ఒక్కడూ ముట్టలేదు. చెడిపోయిన బండ్లను లాక్కొచ్చే డెల్బర్ట్ అయితే, అవి పిల్లల సైకిలుకి పడిపోకుండా పెట్టే పక్కచక్రాల్లాంటివని కొట్టంతా వినబడేలా అన్నాడు.

ఆర్వెల్లా వాదించలేదు. అన్నీ లోపల పెట్టేసి, ఒక్కటి మాత్రం తన వెనక అరలో ఉంచి, సగం గుడ్డ కప్పి, అమ్మకానికి కాదని చీటీ తగిలించింది. ఎవరికోసమని అడిగితే, చెప్పకూడదులే అనేది. మిగతాది ఊరే కల్పించుకుంది: గవర్నరుగారి అంగరక్షకుల కోసమట.

డెల్బర్ట్ మళ్లీ వచ్చాడు.

"ఒకసారి చేతికియ్యి ఆర్వెల్లమ్మా, చూసిస్తా."

"వద్దులే నాయనా. దానికి వేలి సాధన కావాలి. అందరికీ కుదరదు."

"నేను అందరిలో ఒకణ్ణా?"

"నేనన్నానా? నీకు ఆ మామూలుదే హాయి."

కొనేవాడి మీద కేసులేమైనా ఉన్నాయా అని ఆవిడ ఫోనులో చేసే తనిఖీ పూర్తయ్యేదాకా కదలకుండా నిలబడి, దాన్ని కొనుక్కునే పోయాడు. తర్వాత మిగతావాళ్లూ ఎగబడి లోపలి పెట్టె ఖాళీ చేయడానికి ఎంతో కాలం పట్టలేదు.

పాత క్వారీలో స్నేహితుల ముందు గురిపెట్టి నొక్కితే డెల్బర్ట్ పిస్తోలు పలకలేదు. తూటాలను తిట్టుకుంటూ నేరుగా కొట్టుకొచ్చాడు. ఆవిడ తూటాలు తీసి, గొట్టం వెనక తూటా కూర్చునే గది కూడా ఖాళీయేనని చూసి, మీట టిక్కుమని దించింది. "దీనికేం కాలేదు నాయనా" అంది, అంతే. అతను ఎవరైనా చూశారా అని చుట్టూ చూశాడు. అప్పుడు కొట్లోనే ఉన్న నేను, చూడనట్టు చేపల గాలాల అర వైపు తిరిగి నిలబడ్డాను.

అప్పట్నుంచి ఇంట్లో ఖాళీ పిస్తోలుతో బొటనవేలికి సాధన చేయించాడట. జింకల వేట రోజుల్లో ఒకనాడు పిస్తోలును ఒరలోకి తోస్తుంటే చలికోటు తాడు ట్రిగ్గర్లో చిక్కుకుని బిగిసింది. మీట పైకే ఉంది, పేలలేదు. ఆ సంగతి తనే వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. ఆర్వెల్లా నవ్వలేదు. కాఫీ పోసిచ్చి, అతను తాగేదాకా ఎదురుగా కూర్చుంది.

ఆ శనివారం భార్య లరీన్‌ను వెంటబెట్టుకొచ్చాడు. మీట ఉన్నదే తెప్పించుకోమని ఒకటే పోరు. లరీన్ మొగుడి ఖాళీ పిస్తోలూ, కొట్లోని మామూలుదీ రెండూ పట్టి చూసింది.

"నా వేలు ఆ మీటకి అందట్లేదు. ఈ మామూలుదే ఇవ్వండి."

"నా మాట విను లరీన్. ఆర్వెల్లమ్మా, నువ్వైనా చెప్పు."

"పట్టుకునేది ఆవిడ చెయ్యి కదయ్యా" అంది ఆర్వెల్లా. ట్రిగ్గర్ని పూర్తిగా కప్పే గట్టి ఒర ఒకటి తెచ్చి, ఖాళీ పిస్తోలును చూసి చూసి నెమ్మదిగా పెట్టడం లరీన్‌కి వచ్చేదాకా వదల్లేదు. పోతూ పోతూ లరీన్ కత్తెర అడిగి, మొగుడి కోటు తాళ్లు రెండూ అక్కడే కత్తిరించేసింది.

ఆ తర్వాత ఆర్వెల్లా రెండు రకాలూ తెప్పించి పక్కపక్కనే పెట్టింది. ఏది మంచిదని అడిగినవాళ్లను ముందు చెయ్యి చాపమనేది.