జుబియా రాసిన ప్రాజెక్టు

“‘జమాల్ బీ ఎవరమ్మా?’ అని అడిగాడు బాబాయ్ ఆయన. ‘మా దాదీ అండీ, మా నాన్నగారి అమ్మ’ అన్నాను. ఆయన స్క్రీన్ వంక చూసి, పక్కనున్న మేడం వంక చూసి, ‘అలాగా! మరి ఈ కంకిపాడు అబ్బాయికి ఆవిడ ఏమవుతుంది?’ అన్నాడు. ఏం చెప్పమంటారు చెప్పండి!”

స్టూలు ముందుకు జరిపినా జుబియా కూర్చోలేదు. ఇంటర్వ్యూ కోసం పొద్దున ఇస్త్రీ చేసుకున్న చుడీదార్ బస్సులో నలిగిపోయింది. గన్నవరం బస్సు దిగి, భవానీపురంలో ఇంటికి పోకుండా నేరుగా ఏలూరు రోడ్డు సందులో ఉన్న నా బైండింగు కొట్టుకి వచ్చింది. ఆమె పనిచేసే ప్రాజెక్టు సెంటరు మా మేడ మీదే. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం పిల్లలు తాము తయారుచేశామని కాలేజీలో చూపించాల్సిన ప్రాజెక్టు అక్కడ సిద్ధంగా దొరుకుతుంది. కంప్యూటర్లో నడిచే కోడు, రిపోర్టు, పరీక్షలో చెప్పాల్సిన జవాబులు, అన్నీ పైనే. ఆ రిపోర్టుకి నల్ల రెక్సిన్ అట్ట, బంగారు రంగు అక్షరాలు మాత్రం కింద నా దగ్గర.

“ముందు నీళ్ళు తాగమ్మా.”

“నీళ్ళొద్దు బాబాయ్. వినండి ముందు.”

వినడం నాకు అలవాటే. కంప్యూటర్ నాకెవరూ నేర్పలేదు, ఇలా వచ్చేపోయే పిల్లల్ని అడిగి నేర్చుకున్నదే. అందులో సగం ఈ పిల్లే చెప్పింది. కటింగ్ మెషిన్ ఆపేశాను.

జుబియా తండ్రి కరిముల్లా ఆటోనగర్లో లారీ మెకానిక్. కూతురికి మంచి ర్యాంకు వచ్చినప్పుడు ఆమె మెకానికల్ తీసుకుంటానంది. “ఇంటికి నా గ్రీజు చాలదా? కంప్యూటర్స్ తీసుకో బేటా, హాయిగా ఏసీలో కూర్చుంటావు” అన్నాడాయన. జుబియా తీసుకుంది. ఇంతవరకూ ఆమెకు దక్కిన ఏసీ ఒక్కటే, మేడ మీద సెంటరు ఓనరు చక్రి గదిలోది. అదీ ఆయన తలుపు తీసినప్పుడు తగిలేంతే.

కాలేజీ కంకిపాడు అవతల, పొలాల మధ్య. కంప్యూటర్ ముందు కూర్చుని చేసిన ప్రోగ్రాముల కన్నా ల్యాబ్ రికార్డులో చేత్తో రాసినవే ఎక్కువ. ప్రోగ్రాం నడిచిందా లేదా అని అడిగిన లెక్చరర్ ఆమెకు గుర్తులేడు. మార్జిన్లు రెండు వైపులా గీయలేదని రికార్డు విసిరేసినాయన మాత్రం బాగా గుర్తు.

ఇవాళ ఇంటర్వ్యూలో చూపించిన ప్రాజెక్టు పుట్టింది కాలేజీలో కాదు, సెలవుల్లో తండ్రికి అన్నం క్యారేజీ తీసుకెళ్ళేటప్పుడు. మెకానిక్‌లు విడిభాగాల షాపుకి పోయి ‘జంపర్లు కావాలి’ అంటారు. షాపులో కొత్తగా పెట్టిన కంప్యూటర్‌కి జంపరంటే తెలియదు, దానికి తెలిసింది షాక్ అబ్జార్బర్. కమాన్ కట్ట అంటే తెలియదు, లీఫ్ స్ప్రింగ్ అనాలి. కుర్చీలో ఉన్నాయన రెండుసార్లు కొట్టి చూసి, విసుగొచ్చి కంప్యూటర్ వదిలేసి లోపలికి కేకేస్తాడు. జుబియా ఇది చూసింది. మెకానిక్‌లు అనే మాటని తెలుగులో కొట్టినా, ఇంగ్లీషులో తప్పుల తడకగా కొట్టినా సరైన భాగాన్ని తీసుకొచ్చే ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టింది. షాపుల వెంట తిరిగి మాటలు పోగేసింది. నడుస్తోందో లేదో చూడ్డానికి ఉత్తుత్తి కొనుగోలుదార్లు కావాలిగా, దాదీ జమాల్ బీ పేరు పెట్టింది. దాదీకి సైకిలు కూడా లేదు. ఆ ప్రోగ్రాంలో మాత్రం ఆవిడ కొన్నన్ని కమాన్ కట్టలు ఆటోనగర్లో ఇంకెవరూ కొని ఉండరు.

ఆఖరి సంవత్సరం దాన్నే ప్రాజెక్టుగా పెడతానంది. గైడుగా ఉన్న సారు “బేస్ పేపర్ ఏది?” అన్నాడు. ఎక్కడో అచ్చయిన పరిశోధన వ్యాసం ఒకటి చూపించి, దీని ఆధారంగా చేశామని చెప్పుకోవాలట.

“ఆటోనగర్ మీద పేపరు ఎవరు రాస్తారు సార్?”

“ఎవరూ రాయలేదంటే పనికిరాదనేగా అర్థం!”

చివరికి ఆమె బ్యాచ్‌లో నలుగురూ కలిసి చక్రి దగ్గర ప్రాజెక్టు కొన్నారు, గుండె జబ్బుని ముందే పసిగట్టేది. ఎవరి వివరాలిచ్చినా అది జబ్బు ఉందనే చెప్పేది. కాలేజీ ప్రిన్సిపాల్ వివరాలిచ్చినా అంతే. జుబియా దెబ్బలాడటానికి మేడెక్కి, దెబ్బలాట మధ్యలో అక్కడే కుర్చీ లాక్కుని తప్పు దిద్దేసింది. వెనక నిలబడి చూస్తున్న చక్రి, “కాలేజీ అయ్యాక నువ్వేం చేస్తున్నావమ్మా?” అన్నాడు.

అప్పటికామె చేతిలో ఆఫర్ లెటరుంది. పెద్ద కంపెనీ, క్యాంపస్‌లోనే వచ్చింది. కరిముల్లా ఆటోనగర్లో వరసంతా మిఠాయి పంచాడు. ఎప్పుడు చేరాలో మెయిల్ చేస్తామన్నారు. ఆ మెయిల్ రాలేదు. ‘త్వరలో తెలియజేస్తాం’ అని కొన్నాళ్ళు వచ్చాయి, తర్వాత అవీ ఆగిపోయాయి. “మెయిలొచ్చిందా?” అని రోజూ అడిగే కరిముల్లా ఆ మాట మానేసి, “ఫోన్లో నెట్ బాగానే వస్తోందా బేటా?” అని అడగడం మొదలుపెట్టాడు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేక జుబియా మేడ మీద ఉద్యోగానికి చేరింది.

అక్కడ పని తీరు ఇదీ. ఒకే ప్రాజెక్టు ఏటా ఎన్నో కాలేజీలకి పోతుంది. ప్రతిసారీ పాత విద్యార్థి పేరు, రోల్ నంబరు, కాలేజీ పేరు తీసి కొత్తవి పెట్టాలి. ఫైలు ఫైలూ తెరిచి మార్చాలి. ఒకచోట మర్చిపోతే గుడ్లవల్లేరు అబ్బాయి ప్రాజెక్టులో నూజివీడు అమ్మాయి పేరు బయటపడుతుంది. జుబియా ఈ చాకిరీ పడలేక ఒక చిన్న ప్రోగ్రాం రాసింది. పాత పేరు, కొత్త పేరు ఇస్తే చాలు, కనురెప్ప వేసేలోగా అన్ని ఫైళ్ళలోనూ మారిపోతుంది. ఆ రోజు చక్రి అందరికీ బిరియానీ తెప్పించాడు.

ఇంట్లో సరైన ల్యాప్‌టాప్ లేక ఆమె తన ఆటోనగర్ ప్రాజెక్టుని కూడా సెంటరు కంప్యూటర్లోనే ఉంచుకుంది. మరుసటేడు ఆమె జ్వరంతో ఇంట్లో ఉన్నప్పుడు కంకిపాడు నుంచి సిద్ధార్థ అనే అబ్బాయి వచ్చాడు. “అందరూ చేసేవి వద్దండి, కొత్తది కావాలి” అన్నాడు. చక్రి వెతికి వెతికి దీన్ని చూపించాడు. తర్వాత పేరు మార్చే ప్రోగ్రాం నడిపాడు. పాత పేరు జుబియా, కొత్త పేరు సిద్ధార్థ.

“నేను రాసిందే బాబాయ్ ఆ ప్రోగ్రాం! ఎంత బాగా పనిచేసిందో చూడండి. నా పేరు ఒక్కచోట మిగల్లేదు. దాదీ పేరొకటే మిగిలింది, అదేమో స్టూడెంట్ పేరు కాదుగా.”

జ్వరం తగ్గి వచ్చాక ఆమె పైన చేసిన గొడవ కింద నాకూ వినిపించింది. చక్రి తొణకలేదట. “నీ దగ్గరుంటే ఏంచేస్తావమ్మా, పూజ చేస్తావా? ఆ అబ్బాయికి మార్కులన్నా వస్తాయి” అన్నాడట. వచ్చాయి. ఆ అబ్బాయి దాన్ని తన పేరుతో ఇంటర్నెట్లో అందరికీ కనబడేలా పెట్టుకున్నాడు. ఉద్యోగమూ వచ్చింది. ఇప్పుడు కంకిపాడులో ఇంట్లోనే కూర్చుని పనిచేస్తున్నాడు. ఆ రిపోర్టుకి అట్ట వేసింది నేనే.

ఇక ఈ గన్నవరం కంపెనీ. చిన్నదే, లారీల కంపెనీలకి సాఫ్ట్‌వేర్ రాస్తుంది. విడిభాగాల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ కోసం మనిషి కావాలన్నారు. ప్రకటన చూసి జుబియా నా కొట్టులోనే గంతేసింది. తన పేరుతో ఆ ప్రాజెక్టుని మళ్ళీ రాసుకుంది, మెరుగుపెట్టింది, పోయిన నెల ఇంటర్నెట్లో పెట్టింది. రాత పరీక్ష నెగ్గింది. ఇవాళ పొద్దున ఇద్దరి ముందు కూర్చుంది. జంపరని కొడితే షాక్ అబ్జార్బర్ వచ్చినప్పుడు పెద్దాయన పకపకా నవ్వాడట, మేడం కూడా కుర్చీ దగ్గరకు జరుపుకుందట.

“అదిగో, అప్పుడు బాబాయ్, ఆయన నా కోడులో ఒక లైను తీసి ఇంటర్నెట్లో వెతికాడు. అందరికీ అలాగే చేస్తారంట. సిద్ధార్థది పైకొచ్చింది. నాకన్నా ఎంతో ముందు పెట్టింది. అదే కోడు, అదే దాదీ. ‘కాపీ కొట్టడం ఒక ఎత్తు, మా దాదీ అని కథ చెప్పడం ఇంకో ఎత్తు’ అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. చచ్చేంత కోపమొచ్చింది. ఎవరిమీదో తెలీలేదు.”

“జరిగింది చెప్పేయకపోయావా?”

“చెప్పాను. ప్రాజెక్టు సెంటర్లో పనిచేస్తానండీ, అక్కణ్ణుంచి పోయిందండీ అన్నాను. ‘అంటే పిల్లలకి కాపీలు అమ్మే చోట పనిచేస్తూ, ఇది మాత్రం కాపీ కాదంటావ్’ అన్నాడు. నేనే ఆ మనిషినైతే నేనూ అదే అందును.”

కోపంలోనూ న్యాయం తప్పదు ఈ పిల్ల. అందుకే ఎక్కువ నలిగిపోతుంది.

బయటికి వచ్చేస్తుంటే ఆ మేడం వరండాలోకి వచ్చిందట. “శనివారం దాకా ఈ పోస్టు ఎవరికీ ఇవ్వకుండా చూస్తాను. అతను పెట్టిన తేదీ కన్నా ముందుది, నువ్వే రాశావని తెలిసేది ఏదన్నా ఉంటే పంపు” అంది. బస్సులోంచే జుబియా చక్రికి ఫోన్ చేసింది. “నీకోసం నేను కాగితం మీద ఒప్పుకుంటే నా దగ్గరికి రేపు ఏ కాలేజీ పిల్లోడొస్తాడు?” అని పెట్టేశాడు. సిద్ధార్థకి చేస్తే ఎత్తలేదు. సెంటరువాళ్ళ నంబరు ఏది చూసినా ఎత్తడు, పాపం, ఎక్కడ బయటపడుతుందోనని భయం.

“నేను చెప్తానమ్మా కావాలంటే. అది నీదేనని మొదట్నుంచీ తెలిసినవాణ్ణి.”

మొదటిసారి నవ్వింది. “మీరు అట్ట వేశారు బాబాయ్. లోపలున్న కోడు మీకేమన్నా అర్థమైందా?”

“చదివాను. అర్థం కాలేదు.”

“మరి!”

మేడ మీద ఎవరో కుర్చీ ఈడ్చిన చప్పుడైంది. నాకు ఒక సందేహం వచ్చింది. “అవునుగానీ, వైవా పరీక్షలో చెప్పడానికి ఆ అబ్బాయికి ఇదంతా నేర్పిందెవరు? చక్రికి దీని తలాతోకా తెలియదుగా?”

జుబియా తలెత్తింది. అప్పుడు కూర్చుంది స్టూలు మీద.

“నేనే. చక్రితో అంత గొడవపడి కూడా నేనే నేర్పాను బాబాయ్. సిగ్గులేదనుకోండి. కాలేజీలో ఒక్కళ్ళు అడగలేదు దాని గురించి, వీడు అడిగాడు. ‘అక్కా, ఈ మాటలన్నీ ఎలా పోగేశావు? ఇక్కడ ఇలా ఎందుకు రాశావు?’ అని. వాడు మళ్ళీ విజయవాడ రాలేకపోయాడు, కాలు విరిగి మంచం మీదున్నాడు. అందుకని రాత్రిళ్ళు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లుగా మాట్లాడి పంపేదాన్ని, ఒక్కో ముక్కా విడదీసి. మా అబ్బానీ, షాపులవాళ్ళనీ ఏమడిగానో, దాదీ పేరు ఎందుకు పెట్టానో, అన్నీ. వాడు ఇంటర్నెట్లో పెట్టకముందు సంగతి ఇదంతా.”

“అయితే నీ ఫోన్లో—”

“నా ఫోన్లో లేవు. వైవా అయ్యాక పిల్లలతో మాటలన్నీ చెరిపెయ్యాలి, చక్రి రూలు. నేను బుద్ధిమంతురాల్నిగా!” అని నుదురు కొట్టుకుంది. “వాడి ఫోన్లో ఉండి తీరాలి. వాళ్ళనెవరు చెరపమంటారు?”

లేచి నిలబడింది. నా బల్ల మీద తాడు కట్టి ఉన్న బిల్లు పుస్తకాల కట్ట వంక చూసింది. సిద్ధార్థ తండ్రి రామకోటేశ్వరరావుగారికి కంకిపాడులో ఎరువుల కొట్టుంది. ఆయనకు బిల్లు పుస్తకాలు నేనే వేసిస్తాను.

“ఇవి ఎప్పుడిస్తున్నారు బాబాయ్?”

“సోమవారం ఇద్దామని.”

“ఇవాళే ఇచ్చేయండి. కొట్టు నేను చూసుకుంటాను, పైన ఎవరన్నా కేకేస్తే పలకను. రామకోటేశ్వరరావుగారి ముందు మాత్రం ఈ మాట ఎత్తకండి, ఆయన తన కొడుకే చేశాడని ఊరంతా చెప్పుకున్నారు. సిద్ధార్థని పక్కకి పిలవండి. భయపెట్టకండి. నువ్వేమీ ఒప్పుకోనక్కర్లేదు, నీ ఉద్యోగం జోలికి అక్క రాదు అని ముందే చెప్పండి. ఆ గన్నవరం మేడంకి తప్ప ఎవరికీ వినిపించనని నా మాటగా చెప్పండి. నేను మాట్లాడి పంపినవన్నీ ఒక్కటి వదలకుండా, తేదీలతో సహా నాకు తిరిగి పంపమనండి. వాడు ఆలోచిస్తానంటే ఆలోచించనివ్వండి, కానీ మీరు మాత్రం అక్కణ్ణుంచి కదలకండి బాబాయ్.”