నాయన పరుగెత్తిన వైపు

మొన్న బెంగుళూరు వైట్‌ఫీల్డ్‌లో మా అల్లుడింట్లో భోజనాలయ్యాక అతను ఫోనులో ఏదో జపాను గుర్రపు పందెం పెట్టాడు. ఇంకా పూర్తిగా ఎదగని గుర్రాలు, పచ్చిక కాదు, ఒట్టి మట్టి మీద దౌడు తీస్తున్నాయి. మధ్యలో ఒకటి తూలి, దాని మీది జాకీ కింద పడ్డాడు. నా పక్కనున్న తమ్ముడు ఎవరు గెలిచారని అడగలేదు. "మొదట ఎవురి కాడికి పోయినారప్పా?" అన్నాడు. అల్లుడు నవ్వేశాడు, నేను మాత్రం ఫోను మీదికి వంగి చూశాను.

మా ఈడువాళ్ళకు తొంభైలనాటి బెంగుళూరు రేసుకోర్సు గుర్తుండే ఉంటుంది. మా నాయన అక్కడి లాయంలో గుర్రాలు సాకేవాడు, మా ఇల్లూ లాయం వెనకే. మాకు ఏనాడూ ఒక అరటిపండు ఒలిచి పెట్టని మనిషి, ఒక ఎర్ర ఆడగుర్రానికి మాత్రం రోజూ బెల్లం ముక్క అరచేతిలో పెట్టి తినిపించేవాడు. జాకీ పని నేర్చుకున్న మా తమ్ముడికి ఆ ఏడు లేత గుర్రాల పెద్ద పందెంలో దాన్నే ఎక్కే అవకాశం వచ్చింది. గెలిస్తే జాకీ, లేకుంటే బతుకంతా లాయంలో లద్దె ఎత్తడమే.

జాకీకి బరువు తగ్గాలి కదా, అందుకని నాయన వాడికి స్వెట్టర్ల మీద కంబళి చుట్టి, మిట్టమధ్యాహ్నం ఎండలో పరుగెత్తిస్తూ తాను సైకిలు మీద వెంటబడేవాడు. పందెం ముందురోజు నుంచీ నీళ్ళు బంద్. నోట్లో చింతగింజ వేసుకుని ఉమ్ముతూ ఉండాలి, ఉమ్మి కూడా బరువేనట! అమ్మ చూడలేక చెంబుతో నీళ్ళు తెస్తే, ఆయన లాక్కుని వాడి కళ్ళ ముందే గుర్రం బకెట్లో పోశాడు.

తూకం సరిపోయింది, నాయన మీసం దువ్వుకున్నాడు. పందెంలో చివరి మలుపు దగ్గర వాడి తల వాలిపోయింది, కళ్ళెం జారింది, గుర్రం కంచెకు కొట్టుకుని ఇద్దరూ పడ్డారు. నాయన కంచె దూకి పరుగెత్తాడు. వాడు నేల మీద నుంచి చెయ్యెత్తాడు. నాయన వాణ్ణి దాటుకుని పోయి గుర్రం మెడ కౌగిలించుకుని ఏడ్చాడు. దానికి కాలు విరిగింది. ఇక కోలుకోదని చుట్టూ గుడ్డతెర కట్టి దాని ప్రాణం తీసేశారు. ఆ తెర ఇంకా విప్పకముందే తరువాతి పందేనికి గంట కొట్టారు. జనం టికెట్లు చింపి మా తమ్ముణ్ణి బూతులు తిట్టారు.

తుంటి విరిగి వాడు ఆసుపత్రిలో ఉంటే నాయన వచ్చి, మంచం పక్కన నిలబడి, "బంగారట్లా పిల్లని సంపేస్తివి కదరా" అని వెళ్ళిపోయాడు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే, దాచుకోను. ఆయన పోయినప్పుడు తలకొరివి వాడే పెట్టాడు, కుంటుకుంటూ చుట్టూ తిరిగి.

లాయం వెనక మా ఇల్లు ఇప్పుడు లేదు, తిట్టినవాళ్ళూ లేరు, నాయనా లేడు. లోకంలో పడినవాణ్ణి లేపే పద్ధతి ఒకటి వచ్చిందేమో, ఆ జపాను ట్రాకు మీద మనుషులంతా జాకీ వైపే పరుగెత్తారు. "మనిషి కాడికేరా" అని తమ్ముడికి చెప్పాను. వాడు అల్లుడి వైపు తిరిగి, "ఇంకొకసారి పెట్టప్పా" అన్నాడు.